కొత్త కారు, వంకర స్టీరింగ్: రెండు చోట్ల చేయించిన వీల్ అలైన్‌మెంట్‌పై సమీక్ష

కారు డెలివరీ తీసుకుని ఇంటికి వస్తున్న దారిలోనే, రోడ్డు తిన్నగా సాగుతున్నప్పుడు స్టీరింగ్ మధ్యలోని కంపెనీ గుర్తు కుడివైపుకు ఒరిగి ఉండటం నా కంటబడింది. ఆ ఒరుగు పెద్దదేమీ కాదు. గోడకు తగిలించిన పటం కాస్త పక్కకు జరిగితే ఎంత తేడా కనిపిస్తుందో అంతే. అయితే అలాంటి పటం ఒకసారి కంటబడ్డాక, ఇక చూపు మాటిమాటికీ దానిమీదికే పోతుంది. దానికి తోడు, చేతుల పట్టు కొద్దిగా సడలిస్తే బండి మెల్లగా ఎడమ పక్కకు లాగుతోంది. ఓడోమీటర్ మీద అప్పటికి 40 కిలోమీటర్లు కూడా లేవు. ఆ రోజు మొదలు దాదాపు మూడు నెలలపాటు ఈ ఒక్క సమస్య కోసం నేను రెండు చోట్లకు తిరిగాను. ఒకటి కారు అమ్మిన డీలరుదే అయిన అధీకృత సర్వీస్ సెంటర్. రెండోది చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, సస్పెన్షన్ పనులు మాత్రమే చేసే ఒక చిన్న వర్క్‌షాప్. రెండింటి పేర్లూ రాయడం లేదు. ఇదే ఇబ్బందితో ఉన్నవారికి పేర్ల కన్నా, ఎవరు ఏ పనిని ఏ వరసలో చేశారన్నదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

కొత్త కారుకు అలైన్‌మెంట్ తప్పడమేమిటన్న అనుమానం చాలామందికి కలుగుతుంది, మొదట నాకూ కలిగింది. ఫ్యాక్టరీలో బిగింపు పూర్తయ్యాక ప్రతి కారునూ కొలిచి, చక్రాల కోణాలు సరిచేసి బయటికి పంపుతారన్నది నిజమే. అయితే అక్కడినుంచి మన చేతికి వచ్చేలోగా ఆ కారు ట్రైలర్ ఎక్కుతుంది, దిగుతుంది, పట్టీలతో బిగించి కట్టబడుతుంది, స్టాక్‌యార్డులో ఒక మూలనుంచి ఇంకో మూలకు తోలబడుతుంది, ఎవరో తొందరలో ఉన్న డ్రైవరు చేతిలో గట్టు అంచుకు ముందు చక్రం తగిలించుకుంటుంది. రవాణాలో కుదుపులకు తట్టుకోవడానికి టైర్లలో గాలి ఎక్కువ నింపడం, కొన్ని మోడళ్లకు స్ప్రింగుల మధ్య దిమ్మలు పెట్టి పంపడం కూడా ఉంటుంది. డెలివరీకి ముందు చేసే తనిఖీలో గాలి తగ్గించి, ఆ దిమ్మలు తీసేయాలి. ఇవికాక, ఫ్యాక్టరీ ఒప్పుకునే పరిమితులే కాస్త విశాలంగా ఉంటాయి. ఎడమ చక్రం పరిమితికి ఒక అంచున, కుడి చక్రం మరో అంచున ఉన్నా విడివిడిగా చూస్తే రెండూ పాసే, కలిపి చూస్తే మాత్రం బండి పక్కకు లాగవచ్చు.

మర్నాడే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. అడ్వైజరు చాలా మర్యాదగా, “కొత్త బండి కదా సార్, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సెట్ అవుతుంది, ఫస్ట్ సర్వీస్‌లో చూద్దాం” అన్నాడు. ఈ మాటలో సగం నిజం ఉంది. స్ప్రింగులూ రబ్బరు బుష్‌లూ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొద్దిగా కుదురుకుంటాయి, దాంతో బండి ఎత్తు పిసరంత తగ్గుతుంది, కోణాలు కూడా ఆ మేరకు మారతాయి. కానీ రెండు వైపులా ఒకేలా కుదురుకునే వస్తువులు, ఒక వైపు మాత్రమే ఉన్న తేడాను ఎలా సరిచేస్తాయి? ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. వెయ్యి కిలోమీటర్లూ తిరిగాను. గుర్తు ఒరిగిన చోటే ఉంది.

ఫస్ట్ సర్వీస్ రోజు అద్దం అవతలినుంచి పని అంతా చూశాను కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. కారును అలైన్‌మెంట్ బే మీదికి ఎక్కించారు, ముందు చక్రాలకు మాత్రమే సెన్సార్లు తగిలించారు, వెనక చక్రాల జోలికి ఎవరూ వెళ్లలేదు. గాలి కొలవలేదు. కింద చేయిపెట్టి టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) చివరలను గానీ బాల్ జాయింట్లను గానీ కదిపి చూడలేదు. స్టీరింగ్‌ను తిన్నగా పెట్టి క్లాంపు బిగించి, కింద రెండు టై రాడ్లనూ చెరో కాస్త తిప్పి, తెరమీద ఎర్రగా ఉన్న అంకె పచ్చగా మారగానే నట్లు బిగించేశారు. మొత్తం ఇరవై నిమిషాలు. బండిని రోడ్డుమీదికి తీసుకువెళ్లి చూసినవారు పనికి ముందూ లేరు, తర్వాతా లేరు. నా చేతికి ఒక ప్రింటు ఇచ్చి, “అన్నీ గ్రీన్‌లో ఉన్నాయి సార్” అన్నారు. అది అబద్ధం కాదు, ప్రింటులో ఉన్న అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి. వెనక చక్రాలకు కేటాయించిన గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

ఆ కాగితంలో ప్రధానంగా మూడు కోణాలు ఉంటాయి, వాటిలో ఏది ఏ లక్షణానికి కారణమవుతుందో తెలిస్తే తప్ప సర్వీస్ సెంటర్‌లో మన మాట నిలవదు. టో అంటే బండిని పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందుభాగాలు దగ్గరగా మొగ్గుతున్నాయా, ఎడంగా విచ్చుకుంటున్నాయా అన్న లెక్క. టైర్లను అన్నిటికన్నా త్వరగా తినేసేది ఇదే, స్టీరింగ్ వంకరగా నిలవడానికి ఎక్కువసార్లు కారణమయ్యేదీ ఇదే. క్యాంబర్ అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి గానీ బయటికి గానీ వాలిన తీరు. రెండు పక్కల మధ్య ఇందులో తేడా ఉంటే, పైభాగం ఎక్కువగా బయటికి వాలిన చక్రం వైపుకు బండి లాగుతుంది. క్యాస్టర్‌ను అర్థం చేసుకోవడానికి సైకిల్ ముందు ఫోర్కు వాలును తలచుకుంటే చాలు. స్టీరింగ్ తిప్పి వదిలితే దానంతటది మధ్యకు తిరిగి రావడానికి ఆ వాలే కారణం, రెండు పక్కల్లో ఏ పక్క అది తక్కువగా ఉంటే బండి ఆ పక్కకు మొగ్గుతుంది. ముందు చక్రాల టో ఒక్కటే కొద్దిగా తప్పితే బండి సాధారణంగా పక్కకు లాగదు, ఎందుకంటే నడుస్తున్నప్పుడు రెండు చక్రాలూ ఆ తేడాను సమంగా పంచేసుకుంటాయి. నా బండికి లాగుడు ఉంది. సర్వీస్ సెంటర్ సరిచేసింది టో ఒక్కటే. అంటే, మొదటి రోజునుంచీ వాళ్లు నా రెండు ఫిర్యాదుల్లో ఒకదాన్ని అసలు పట్టించుకోలేదన్నమాట.

దీని పక్కన ఇంకో చిన్న సంగతి. ఈ కోణాలను డిగ్రీల్లో, నిమిషాల్లో కొలుస్తారు. ఈ నిమిషాలకు గడియారంతో సంబంధం లేదు; ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం ఒక నిమిషం. కొన్ని యంత్రాలు మాత్రం డిగ్రీని దశాంశాల్లో చూపిస్తాయి. కాగితం మీద 0.10 అని ఉంటే అది 6 నిమిషాలు, 10 నిమిషాలు కాదు. తర్వాతి రోజుల్లో రెండు వేర్వేరు యంత్రాల ప్రింట్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానిలా చదివి, ఒక సాయంత్రమంతా లేని తేడా కోసం తల పట్టుకున్నాను.

రెండోసారి వెళ్లినప్పుడు అడ్వైజరు చెప్పిన కారణం రోడ్డు వాలు. ఇదీ ఊరికే తీసిపారేయగలిగిన మాట కాదు. వాన నీరు పక్కలకు జారిపోవడానికి రోడ్లను మధ్యలో ఎత్తుగా, అంచులవైపు పల్లంగా వేస్తారు. ఎడమ పక్కన నడిచే చోట్ల బండి సహజంగానే కాస్త ఎడమకు, కుడి పక్కన నడిచే చోట్ల కుడికి జరుగుతుంది. కానీ దీన్ని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. చదునుగా ఉన్న పెద్ద ఖాళీ స్థలంలో ఒక దిశలో నడిపి, అదే గీత మీద ఎదురు దిశలో మళ్లీ నడిపి చూస్తే చాలు. తప్పు నేలదైతే రెండోసారి బండి ఎదురు పక్కకు మళ్లాలి. నా కారు రెండు దిశల్లోనూ ఎడమకే పోయింది. ఆ మాట చెబితే అడ్వైజరు తల ఊపి, జాబ్ కార్డులో “కస్టమర్ కన్సర్న్ నోటెడ్” అని రాసుకుని, మళ్లీ అదే బే మీద అదే పని చేయించి, మళ్లీ ఒక పచ్చటి ప్రింటు చేతిలో పెట్టాడు.

మూడోసారి జరిగింది మాత్రం నేను తేలిగ్గా మరచిపోలేను. ఈసారి మెకానిక్ ఒకాయన నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చుని, “స్టీరింగ్ ఊడదీసి ఒక పన్ను పక్కకు జరిపి బిగిస్తే తిన్నగా అయిపోతుంది సార్, పది నిమిషాల పని” అన్నాడు. స్టీరింగ్ చక్రం లోపల పళ్లతో ఉన్న కాడకు బిగుసుకుని ఉంటుంది. దాన్ని తీసి ఒక పన్ను పక్కన పెడితే గుర్తు తిన్నగా కనిపించవచ్చు, కానీ కింద చక్రాల్లో ఏదీ మారదు. మారకపోగా, కుడికీ ఎడమకూ స్టీరింగ్ తిరిగే చుట్లు అసమానమవుతాయి. స్టీరింగ్ ఎంత కోణంలో ఉందో కంప్యూటరుకు చెప్పే సెన్సారు లెక్క తప్పుతుంది, బండి జారినప్పుడు బ్రేకులు వేసి అదుపు చేసే స్టెబిలిటీ కంట్రోల్ ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఎయిర్‌బ్యాగును విప్పి మళ్లీ బిగించాలి. నేను వద్దన్నాను. వద్దన్న సంగతిని జాబ్ కార్డులో రాయమని కూడా అడిగాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, తనకు నేర్పిన పని అదే కాబోలు. కానీ రోగాన్ని వదిలేసి థర్మామీటరు మీది అంకె చెరిపే వైద్యం నాకు అక్కర్లేదనిపించింది.

ఆ తర్వాతే రెండో చోటుకు వెళ్లాను. ఫోన్ చేసినప్పుడే తేడా తెలిసింది. అవతలి వ్యక్తి రేటు చెప్పలేదు, వరసగా ప్రశ్నలు అడిగాడు. లాగుడు ఎప్పుడూ ఉందా, బ్రేకు వేసినప్పుడేనా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడేనా? స్టీరింగ్ వణుకుతుందా, వంకరగా ఉంటుందా? బండి దేనికైనా తగిలిందా? టైర్లు ఎప్పుడైనా అటూ ఇటూ మార్చారా? ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో కారణం ఉంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే అది బ్రేకుల సంగతి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే లాగితే ముందు చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టుల సంగతి. ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణికితే అది బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువును సమం చేసే పని), అలైన్‌మెంట్ కాదు. చాలామంది ఈ చివరి రెంటినీ కలిపేసి, వణుకు కోసం అలైన్‌మెంట్, లాగుడు కోసం బ్యాలెన్సింగ్ చేయించుకుంటూ ఉంటారు.

నాలుగు రోజుల తర్వాత, ఇచ్చిన సమయానికి వెళ్లగానే ఆయన కారును బే మీదికి ఎక్కించలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాడు. అంతకుముందే, బండిని రోడ్డు గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్‌ను బటన్ నొక్కి ఆపేశాడు, ఎందుకంటే అది పనిచేస్తున్నంతసేపూ స్టీరింగ్‌ను తనే అటూ ఇటూ సర్దుతూ ఉంటుంది, అసలు లాగుడు దాని చాటున దాక్కుంటుంది. తిరిగివచ్చాక గాలి కొలిచాడు. తలుపు దగ్గరి స్టిక్కరు మీద 33 పీఎస్ఐ అని ఉంది. నా టైర్లలో మూడింట 40, ఒకదానిలో 36 ఉంది. మూడుసార్లు సర్వీస్ సెంటర్ మెట్లెక్కిన కారు, రవాణా కోసం నింపిన గాలితోనే ఇంకా తిరుగుతోందన్నమాట. ఆయన నవ్వలేదు, ఎవరినీ ఏమీ అనలేదు, గేజీని ఒకసారి నాకు చూపించి నాలుగింటినీ సరిచేశాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది, ఎందుకంటే ఆ పని నేనైనా చేసి ఉండాల్సింది.

తర్వాత లిఫ్టు మీద చక్రాలను చేతులతో పట్టుకుని కదిపి, బేరింగులు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరల్లో ప్లే (వదులు) ఉందేమో చూశాడు. కొత్త బండి కాబట్టి ఏమీ లేదు. అయినా ఆ వరస తప్పలేదు, ఎందుకంటే వదులైన జాయింటు మీద ఎంత కచ్చితంగా కోణం పెట్టినా అది రోడ్డెక్కగానే మారిపోతుంది. ఆపైన నాలుగు చక్రాలకూ టార్గెట్లు (యంత్రం కొలతకు వాడే గుర్తులు) తగిలించి, బండిని కొద్దిగా వెనక్కీ ముందుకూ దొర్లించాడు. రిమ్ముల్లోనో బిగింపులోనో ఉండే చిన్న వంకరను యంత్రం లెక్కలోంచి తీసేయడానికి అది అవసరం. ముందు చక్రాల కింద తిరిగే పళ్లేలు, వెనక చక్రాల కింద జారే పలకలు ఉన్నాయి, వాటి పిన్నులు తీసి బండిని రెండుసార్లు కిందికి నొక్కి వదిలాడు. బ్రేకు పెడలును ఒక కడ్డీతో నొక్కిపెట్టి, స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ తిప్పి క్యాస్టర్ కొలిచాడు. ఇవన్నీ పూర్తయి తెరమీద మొదటి అంకె కనిపించేసరికి దాదాపు ముప్పావు గంట గడిచింది, ఒక్క నట్టు కూడా ఇంకా విప్పలేదు.

ముందు చక్రాల క్యాంబర్ ఎడమ పక్క మైనస్ 30 నిమిషాలు, కుడి పక్క మైనస్ 40 నిమిషాలు ఉంది. రెండిటి మధ్య పది నిమిషాల తేడాకు బండి అంతలా లాగదు. క్యాస్టర్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. దోషి వెనక ఉన్నాడు. వెనక ఎడమ చక్రం టో ప్లస్ 24 నిమిషాలు, వెనక కుడి చక్రం టో మైనస్ 6 నిమిషాలు. అంటే ఎడమది లోపలికి, కుడిది కొద్దిగా బయటికి తిరిగి ఉన్నాయి. పైనుంచి చూస్తే రెండూ కుడివైపుకే చూస్తున్నాయి. వెనక చక్రాలు కలిసి బండిని ఏ దిశలో నెడుతున్నాయో చెప్పే కోణాన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారు, రెండు టోల తేడాలో సగమే అది. 24కూ మైనస్ 6కూ తేడా 30, అందులో సగం 15 నిమిషాలు. నా మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పరిమితి 10.

ఆయన ఒక పాత జాబ్ కార్డు వెనక పెన్సిలుతో కారు బొమ్మ గీసి ఇలా వివరించాడు: “వెనక ఇరుసు కుడికి చూస్తోంది కాబట్టి బండి తోక కుడికి పోతుంది, మూతి ఎడమకు తిరుగుతుంది. మీరు తిన్నగా పోవాలంటే స్టీరింగ్‌ను కుడికి పట్టుకోవాల్సిందే. ముందు చక్రాలు ఎంత బాగా సరిచేసినా, వెనక చూడకుండా చేస్తే స్టీరింగ్ వంకర పోదు.” నా కారులో స్టీరింగ్ 15 డిగ్రీలు తిప్పితే ముందు చక్రం సుమారు ఒక డిగ్రీ తిరుగుతుంది. ఆ లెక్కన చక్రాల దగ్గరి 15 నిమిషాలు నా చేతుల దగ్గరికి వచ్చేసరికి 225 నిమిషాలు, అంటే నాలుగు డిగ్రీలకు కాస్త తక్కువ. డెలివరీ రోజున నేను చూసిన ఒరుగు సరిగ్గా అంతే. మూడు నెలలుగా నన్ను వేధించిన అంకె ఆ కాగితం మీద పెన్సిలుతో తేలేసరికి, సమస్య తీరకముందే సగం భారం దిగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో వెనక చక్రాలు ఎందుకు కొలవరని అడిగినప్పుడు వచ్చిన జవాబు, “వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్, కొలిచి లాభమేముంది” అని. నిజమే, నా కారులో వెనక ఉన్నది ఒకే ముక్కగా ఉండే టోర్షన్ బీమ్, దానికి తిప్పే నట్లు లేవు. కానీ ముందు చక్రాలను ఏ గీతకు సరిపెట్టాలో నిర్ణయించేది ఆ వెనక ఇరుసే, తిప్పలేకపోయినా కొలవాల్సిందే.

స్టీరింగ్ వంకరకు కారణం దొరికింది, లాగుడుకు ఇంకా దొరకలేదు. ఆయన ముందు టైర్లు రెండింటినీ చక్రాలతో సహా ఎడమది కుడికీ, కుడిది ఎడమకూ మార్చి బిగించాడు. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు వేసిన టైర్లయితే ఇలా చేయకూడదు, నావి అలాంటివి కావు. మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాం. ఈసారి బండి కుడికి లాగింది! ఇంతకన్నా తేటతెల్లమైన సాక్ష్యం అక్కర్లేదు. తయారీలో ఒక్కోసారి టైరు లోపలి ఉక్కు పట్టీ నడిమికి కాస్త పక్కగా పడుతుంది, దాంతో టైరు కంటికి గుండ్రంగా కనిపించినా నడిచేటప్పుడు శంకువులా ప్రవర్తించి ఒక పక్కకే దొర్లాలని చూస్తుంది. నేలమీద ఐస్‌క్రీమ్ కోను దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుందే, అలాంటిది. ఏ అలైన్‌మెంట్ యంత్రమూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే యంత్రం కొలిచేది రిమ్ము నిలిచిన కోణాన్ని, టైరు స్వభావాన్ని కాదు. అందుకే అంకెలన్నీ పచ్చగా ఉన్నా బండి లాగగలదు. కొత్త కారు లాగుతోందంటే అలైన్‌మెంట్ మీద చేయి వేయకముందే ఈ మార్పిడి చేసి చూడటం ఎంతో తేలిక, నా మూడు సర్వీస్ సందర్శనల్లో దాని ప్రస్తావనే రాలేదు.

ఆ రోజు ఆయన చేసిన మరమ్మతు కొంచెమే. ముందు టై రాడ్లను వెనక ఇరుసు గీతకు సరిపెట్టి స్టీరింగ్‌ను తిన్నగా తెచ్చాడు, స్కానర్ తగిలించి స్టీరింగ్ కోణం సెన్సారుకు కొత్త సున్నాను నేర్పాడు. వెనక బీమ్ బోల్టులను మాత్రం ముట్టుకోలేదు. “ఇది వారంటీలో ఉన్న బండి, అది వాళ్లే చేయాలి. నేను విప్పితే రేపు తప్పు నా మీదికి వస్తుంది, మీ వారంటీ పోతుంది” అని, ముందూ తర్వాతా తీసిన రెండు ప్రింట్ల మీదా సంతకం పెట్టి ఇచ్చాడు. స్టీరింగ్ తిన్నగా వచ్చినా బండి ఇంకా కొద్దిగా ఓరగా నడుస్తుందని కూడా దాచకుండా చెప్పాడు. 2.6 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) మీద 15 నిమిషాలంటే ముందు చక్రాల దారికీ వెనక చక్రాల దారికీ మధ్య సుమారు 11 మిల్లీమీటర్ల తేడా. చేతులకు తెలియదు, కానీ ఉందని తెలుసు.

ఈ వర్క్‌షాప్‌కు లోపాలూ ఉన్నాయి. ముందుగా సమయం తీసుకోకుండా వెళితే చూడరు, నాకు నాలుగు రోజుల తర్వాత దొరికింది. కూర్చోవడానికి రెండు కుర్చీలే ఉన్నాయి, వాటిలో ఒకదాని మీద పాత షాక్ అబ్జార్బర్లు పేర్చి ఉన్నాయి. రెండు గంటలు నిలబడే గడిచాయి. ముందు అద్దం వెనక ఉండే కెమెరాను కాలిబ్రేట్ చేసే పరికరాలు వారి దగ్గర లేవు, ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పారు. చాలా కార్లలో ఆ కెమెరా తిన్నగా దేన్నంటారన్నది వెనక ఇరుసు గీతను బట్టే లెక్కిస్తుంది కాబట్టి, థ్రస్ట్ యాంగిల్ మార్చాక కెమెరాను మళ్లీ సరిచూడటం తప్పనిసరి కావచ్చు. లేన్ అసిస్ట్ ఉన్న కారు కొన్నవారు అలైన్‌మెంట్‌కు వెళ్లేముందు ఈ ఒక్క ప్రశ్న అడగడం మంచిది.

సంతకం ఉన్న ప్రింట్లతో సర్వీస్ సెంటర్‌కు నాలుగోసారి వెళ్లాను. ఈసారి కౌంటర్ దగ్గర మాట్లాడలేదు. ఏ తేదీన ఏ ఫిర్యాదు ఇచ్చానో, ఏ జాబ్ కార్డులో ఏమని రాశారో, వెనక చక్రాల కొలతలు ఎంత ఉన్నాయో, టైర్లు మార్చినప్పుడు ఏం జరిగిందో ఒక పేజీలో రాసి వర్క్స్ మేనేజరుకు ఇచ్చి, దాన్నే కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా మెయిల్ చేశాను. గొంతు పెంచిన మూడుసార్లూ కాని పని ఒక పేజీ కాగితంతో అయింది. కంపెనీ ఇంజనీరు సమక్షంలో నాలుగు చక్రాలూ కొలిచి, వెనక బీమ్ బిగింపు బోల్టులు వదులు చేసి, ఇరుసును ఉన్న సందులోనే పక్కకు జరిపి మళ్లీ బిగించారు. థ్రస్ట్ యాంగిల్ 15 నుంచి 3 నిమిషాలకు తగ్గింది. ముందు టో మళ్లీ సరిచేశారు, కెమెరాను కాలిబ్రేట్ చేశారు. టైరు సంగతి కారు వారంటీలో రాదు, టైరు కంపెనీ వారంటీలో వస్తుంది. తనిఖీకి పంపిన రెండు వారాలకు కొత్త టైరు ఇచ్చారు. ఇందులో దేనికీ సర్వీస్ సెంటర్ నా దగ్గర డబ్బు తీసుకోలేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. చాలా వారంటీలలో అలైన్‌మెంట్‌ను భాగంగా కాక సర్దుబాటుగా లెక్కేసి, దానికి తక్కువ గడువు పెడతారు. నా ఫిర్యాదు మొదటి వారంలోనే నమోదై ఉండటం అక్కడ పనికొచ్చింది.

ఇంత చిన్న కోణానికి ఇంత హడావుడి అవసరమా అని ఇంట్లోవాళ్లు అడిగారు. అప్పుడు వేసి చూపించిన లెక్కే ఇక్కడా రాస్తున్నాను. చక్రం తను వెళ్లే దిశకు 10 నిమిషాలు ఓరగా ఉంటే, కిలోమీటరు దొర్లేలోగా అది సుమారు 2.9 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. పదివేల కిలోమీటర్లకు అది 29 కిలోమీటర్లు. ఆ ఈడ్పు టైరు మీద ఎక్కడ కనిపిస్తుందో తెలుసుకోవాలంటే చూపుకన్నా అరచేయి నయం. టైరు మీద అడ్డంగా చేయి ఒక వైపునుంచి నిమిరితే మెత్తగా, ఎదురు వైపునుంచి నిమిరితే రంపం పళ్లలా గరుకుగా తగిలితే అది టో తప్పిన గుర్తు. ఒక అంచు మాత్రమే నున్నగా అరిగిపోతే క్యాంబర్‌ను అనుమానించాలి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. నా కారులో ఎక్కువ గాలితో నడిచిన ఆ మూడు నెలల గుర్తు టైర్ల నడిమి గాడుల్లో ఇప్పటికీ కొంచెం కనిపిస్తుంది.

సర్వీస్ సెంటర్‌కు అయిదుకు రెండు ఇస్తాను. ఆ రెండూ చివరి వారంలో చేసిన పనికీ, మొదటినుంచీ తగ్గని మర్యాదకూ. అక్కడ యంత్రం మంచిదే, మనుషులూ మంచివాళ్లే, కానీ పని తెరమీది రంగుతో మొదలై తెరమీది రంగుతోనే ముగుస్తుంది, మధ్యలో బండి నడిపేవాడి మాటకు చోటు లేదు. రెండో వర్క్‌షాప్‌కు నాలుగున్నర. తగ్గించిన అర కెమెరా పరికరాలు లేనందుకు, కొంత ఆ కుర్చీలకు కూడా. వారంటీలో ఉన్న కొత్త కారు యజమానికి నేను చెప్పే వరస ఇది: ముందు గాలి సొంతంగా కొలుచుకోవాలి, తర్వాత ఫిర్యాదును తేదీతో సహా రాతలో నమోదు చేయించాలి, ఆపైన నాలుగు చక్రాల కొలతల ప్రింటు అడగాలి, వెనక గళ్లు ఖాళీగా ఉన్న కాగితాన్ని మాత్రం తీసుకోకూడదు.

కారు ఇప్పుడు 9,000 కిలోమీటర్లు తిరిగింది. గత వారం డెప్త్ గేజీతో కొలిస్తే, ఒక్కో ముందు టైరు లోపలి గాడికీ బయటి గాడికీ మధ్య తేడా 0.2 మిల్లీమీటర్లు దాటలేదు. కొత్తగా వచ్చిన టైరు, తర్వాత బిగించినది కాబట్టి, రెండో దానికన్నా కాస్త లోతుగా ఉంది. స్టీరింగ్ మధ్యలోని గుర్తు తిన్నగానే నిలుస్తోంది. పెన్సిలుతో బొమ్మ గీసిన ఆ పాత జాబ్ కార్డు మాత్రం, రెండు పచ్చటి ప్రింట్లతో పాటు, గ్లవ్ బాక్సులో అలాగే ఉంచాను. పదివేల కిలోమీటర్ల సర్వీసుకు వెళ్లినప్పుడు వెనక గళ్లు నింపారో లేదో దానితో పోల్చి చూసుకోవాలి.